నలభై మూడో కప్ప

మా ఆయనకు రంగుల పిచ్చి ఉందని తెలిసే పెళ్లి చేసుకున్నాను. ఆ పిచ్చి ఒకనాటికి నా పోపు గరిటెలోకి దిగుతుందని మాత్రం పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు.

జూలూరుపాడు సెంటర్లో ‘జంపయ్య ఆర్ట్స్’ అంటే ఒకప్పుడు పెద్ద పేరు. మండలంలో ఎవరు దుకాణం తెరిచినా బోర్డు రాయాల్సింది మా ఆయనే. ట్రాక్టరు ట్రాలీ వెనక నెమలి కావాలన్నా, బడి గోడ మీద దేశపటం కావాలన్నా ఆయన నిచ్చెన అక్కడ ఉండాల్సిందే. తర్వాత కొత్తగూడెంలో ఎవరో ఫ్లెక్సీ మిషను పెట్టారు. పొద్దున చెబితే సాయంత్రానికి బోర్డు చేతికొస్తుంది, పైగా యజమాని ఫోటోతో సహా. రెండువేల ఆరు ఎండాకాలం వచ్చేసరికి మా ఆయన బ్రష్షు రంగు ముట్టి మూడు నెలలైంది. అయినా రోజూ దాన్ని కిరసనాయిలులో ముంచి, తుడిచి, మళ్లీ డబ్బాలో పెట్టేవాడు. అది చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని. పైకి మాత్రం, “ఆ నూనె మిగిలిస్తే స్టవ్వన్నా వెలుగుతది” అని కసిరేదాన్ని.

ఆ ఏడాది వెంకటప్పయ్య గారు తన ఎరువుల దుకాణానికున్న పాత బోర్డు దింపించి ఫ్లెక్సీ కట్టించాడు. పాతది మా ఆయన రాసింది. వెంకటప్పయ్య గారు కృష్ణా జిల్లా నుంచి ఇరవై ఏళ్ల కిందట వచ్చి ఇక్కడ పత్తి, మిర్చి వేసి స్థిరపడ్డ మనిషి. మంచివాడే, నోరే కాస్త ఎక్కువ. చేపలు పట్టడమన్నా పందేలు కాయడమన్నా ఆయనకు ప్రాణం. మా ఆయన దుకాణం ముందు నిలబడి ఆ ఫ్లెక్సీని పురుగు పట్టిన వంకాయను చూసినట్టు చూశాడు. నేను పక్కనే ఉన్నాను.

“ఏంటి జంపయ్యా, అలా చూస్తున్నావు? ఈ మిషన్లో లక్షల రంగులుంటాయంట. నీ దగ్గర పట్టుమని పది డబ్బాలు లేవు” అన్నాడు వెంకటప్పయ్య గారు.

“లక్ష రంగులుంటే ఏం ఫాయిదా? ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాల్నో మిషనుకు ఎరికనా? నేను రంగులు కలిపితే మనుషులే కాదు, రేలమడుగుల కొర్రమీను గుడ ఆగి చూడాలె” అన్నాడు మా ఆయన.

కొర్రమీను మాట ఊరికే రాలేదు. రేలమడుగు మా ఊరి వాగులో అడవి అంచున ఉన్న లోతైన గుంట. ఎండాకాలం వాగంతా ఎండినా అందులో నీళ్లుంటాయి, కొర్రమీన్లుంటాయి. వెంకటప్పయ్య గారు ప్రతి ఆదివారం బతికున్న కప్పను గాలానికి గుచ్చి అక్కడ కూర్చుంటాడు. అంతకుముందు వారమే మణుగూరు బొగ్గుగనుల కాలనీ నుంచి ఎవరో ఇంజనీరు వచ్చి, మెత్తటి ప్లాస్టిక్ కప్పతో ఆయన కళ్లముందే చేప పట్టుకుపోయాడు. పోతూ పోతూ చిరిగిన కప్పొకటి అక్కడే పడేస్తే, మా ఆయన ఏరి జేబులో వేసుకున్నాడు. ఆకుపచ్చటి, పేలవమైన కప్ప.

వెంకటప్పయ్య గారి కళ్లు మెరిశాయి. “అయితే పందెం. నీ చేత్తో నువ్వే కప్పను చేసి, నీ రంగులే కలిపి, రేలమడుగులో ఒక్క కొర్రమీనును పట్టు. వాగు పారేలోపల పట్టావా, ఈ ఫ్లెక్సీ పీకేసి నీతోనే బోర్డు రాయిస్తా. పట్టలేదా, నీ దుకాణానికి నువ్వే ఫ్లెక్సీ కట్టాలి. జంపయ్య ఆర్ట్స్ అని.”

బజారంతా ఘొల్లుమంది. మా ఆయన నవ్వలేదు. “ఖాయం” అని చెయ్యి కలిపాడు. మా ఇంటి ముందుగదే ఆయన దుకాణం; ఆ ఫ్లెక్సీ మా గుమ్మానికి ఎక్కిందంటే ఈ మనిషి మళ్లీ బ్రష్షు పట్టడని నాకు అప్పుడే అర్థమైంది.

ఇక మొదలైంది నా ఇంట్లో కప్పల కార్ఖానా. ఇంజనీరు వదిలేసిన కప్పను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో అదిమి అచ్చు తయారుచేశాడు. భద్రాచలం తిరునాళ్లలో పిల్లలకమ్మే సాగే రబ్బరు బల్లులు, తేళ్లు, పాములు ఒక సంచెడు తెచ్చాడు. వాటిని ముక్కలు కోసి, నా పోపు గరిటెలో వేసి, సన్నటి సెగ మీద కరిగించి, రంగు పొడి కలిపి అచ్చులో పోసేవాడు. ఆ వాసనకు పక్కింటివాళ్లు మా ఇంట్లో టైరు తగలబడుతోందనుకున్నారు. తర్వాత ఆ గరిటెతో పప్పులో పోపు పెడితే, పప్పుకు బల్లి వాసన.

“ఏమయ్యా, కప్పలకు వేరే గరిటె లేదా?” అన్నాను.

“దీనికి కాడ పొడుగున్నది, చెయ్యి కాలదు. పనిముట్టు మంచిదే దొరకాలె గదనే” అన్నాడు, నన్నేదో మెచ్చుకున్నట్టు.

రంగుల సంగతి చెప్పాలంటే ఆయనది పరీక్షలు రాసే పిల్లల వరస. ఒక్కో కప్పకు ఒక నంబరు, ప్లైవుడ్ ముక్క మీద దాని వివరం. ఏడో నంబరు: చిలకపచ్చ వీపు, నిమ్మపసుపు పొట్ట. పన్నెండో నంబరు: ఇటుకరంగు మీద తెల్ల చుక్కలు. పంతొమ్మిదికి చమ్కీ కావాలని రూప్లిని పిలిపించాడు. రూప్లి తండా మనిషి, అద్దాల రవికలు కుడుతుంది, సంతలో చమ్కీలు, పూసలు అమ్ముతుంది, నాకు ప్రాణస్నేహితురాలు. మా ఆయన కప్పకు వెండి చమ్కీ అద్దుతుంటే రూప్లి చాలాసేపు చూసి, “అన్నా, దీనికి పెండ్లి ఎప్పుడు?” అంది.

వాగు నీళ్లు బిందెలో తెచ్చి స్టీలు బేసిన్‌లో పోసి, అందులో కాస్త ఒండ్రు కలిపి, కప్పల్ని జతలుజతలుగా ఈదించేవాడు. ఎరుపు పక్కన పచ్చ, పచ్చ పక్కన నారింజ. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి. నచ్చినవి మడుగుకు తీసుకెళ్లేవాడు. చేపలకు మాత్రం నచ్చలేదు. పన్నెండో నంబరు వెనక ఒక కొర్రమీను మూరెడు దూరం వచ్చి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇరవైఏడును తాబేలు కొరికింది. చేపలు లేచి రాకపోతే పోయె, వెంకటప్పయ్య గారు గట్టున గొడుగేసుకుని కూర్చుని, “ఏ నంబరు జంపయ్యా ఇవాళ?” అని అడగడం నాకు మండేది.

ఒకరోజు రూప్లి ఉన్నట్టుండి అడిగింది. “అన్నా, చేప యాడుంటది? కింద. కప్ప యాడుంటది? మీద. మరి నువ్వు మీదికెల్లి చూస్తవేంది? వీపు ఎవలికి కనబడుతది?”

మా ఆయన చేతిలోని కప్పను వెల్లకిలా తిప్పి పొట్ట చూశాడు. పాతికేళ్లుగా జనం తలెత్తి చూసే బోర్డులు రాసిన మనిషి, చేప కూడా తలెత్తే చూస్తుందని తట్టక ముప్పైరెండు కప్పల వీపులు అలంకరించాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆయన రేలమడుగులో వెల్లకిలా మునిగి కళ్లు తెరుచుకుని పడుకున్నాడు. నేను నడుంలోతు నీళ్లలో నిలబడి ఆయన మొహం మీదుగా కప్పల్ని దారంతో లాగాలి. ఊపిరాడనప్పుడు లేచి, “మళ్ల” అని మునిగేవాడు. మేకల్ని తోలుకుపోయేవాళ్లు ఆగారు, ఆకులేరుకునే ఆడవాళ్లు ఆగారు. “యశోదక్కా, మొగణ్ని ముంచుతున్నవా ఏంది?” అని ఎవరో అరిచారు. “ఇంకా మునుగుతలేడు” అన్నాను నేను.

పదిహేను కప్పలు లాగాక ఆయన లేచి గట్టు మీద కూర్చున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. “అన్నీ నల్లగనే కనబడుతున్నయే. మీద ఎండ, నడుమ కప్ప. ఏ రంగూ లేదు.”

“మరింకేం, నల్లకప్పనే పొయ్యరాదు” అన్నాను.

అంతే, మనిషి ఉగ్గబట్టుకోలేకపోయాడు. “నలుపు రంగెట్ల అయితదే? అది అక్షరం కింద నీడ. నల్లకప్పతోని గెలిస్తే నేను రంగులతోని గెలిచినట్టా? అట్ల గెలిచేకంటే ఫ్లెక్సీ కట్టుకునుడు నయం.”

పొద్దునా సాయంత్రం ఎండ వాలుగా పడినప్పుడు పొట్ట రంగు తెలుస్తుందని ఆయన వాదం. అలా నలభై రెండు నంబర్లయ్యాయి. నా బియ్యం డబ్బా మీద కప్పలు, పోపుల పెట్టెలో కప్పలు. ఒకరోజు దుప్పటి దులిపితే రెండు రాలాయి. ఆకాశంలో మబ్బులు కూడా మొదలయ్యాయి. వాన పడితే వాగు పారుతుంది, వాగు పారితే పందెం సరి.

మర్నాటి పొద్దునే ఆఖరి అవకాశం అనుకున్న రోజు ఆయన నలభై మూడో కప్పను పోశాడు. నేరేడుపండు రంగు, ఎర్ర గొంతు. “ఇది పడకపోతే నా కన్ను దండగ” అని, అచ్చులో చల్లారడానికి పెట్టి గాలాలు తేవడానికి బజారుకెళ్లాడు.

నేను అన్నం వండుదామని బియ్యం తీశాను. బియ్యంలో కప్ప. ఎందుకో తెలియదు, ఇన్నాళ్ల కోపం ఒక్కసారిగా నెత్తికెక్కింది. ఇంట్లో ఉన్న కప్పలన్నీ ఏరాను. అచ్చు విప్పి అందులోని నలభై మూడో దాన్ని కూడా లాగాను. అన్నింటినీ పాత డేక్సాలో పడేసి పొయ్యి మీద పెట్టాను. పొగ కమ్మింది. ఎరుపు, పచ్చ, పసుపు, చమ్కీ ఒకదాంట్లో ఒకటి కలిసి, చివరికి అడుగంటిన బెల్లం పాకంలా తయారైంది. అప్పుడు దిగింది నాకు కోపం. కోపం దిగగానే పందెం గుర్తొచ్చింది. రేపు పొద్దున మనిషి ఏం పట్టుకుని మడుగుకు పోతాడు?

ఇంకేం చేస్తాను? ఆ ముద్దనే గరిటెతో తీసి అచ్చులో పోసి, మూసి, ఎక్కడిదక్కడ పెట్టాను. మిగతాది పెంటలో పూడ్చాను.

ఆయన వచ్చి అచ్చు విప్పాడు. వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. “ఏందే, గింత ముదిరింది?”

“చల్లారితే రంగు ముదురుతదని నువ్వే అంటవు గద.”

“అవ్, అది నిజమే” అని తల ఊపాడు. “మరి తక్కినయి ఏవి?”

“రూప్లి కోడండ్లు చూస్తమంటే పంపిన” అన్నాను. వెంటనే దొడ్డిదారిన రూప్లి దగ్గరికి పరుగెత్తి సంగతంతా చెప్పాను. రూప్లి పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుని నవ్వింది.

మర్నాడు మబ్బుగా ఉంది. గట్టు మీద వెంకటప్పయ్య గారు, ఆయన గొడుగు, బజారు జనం పది పదిహేను మంది. మా ఆయన వెదురు గడ ఊపి కప్పను తామరాకుల పక్కకు విసిరాడు. కప్ప కాళ్లు అల్లాడించుకుంటూ వచ్చింది. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారీ లేదు. మూడోసారి తామరాకుల కింద నీళ్లు కదిలాయి, ఆ వెంటనే దబ్బుమని చప్పుడు, కప్ప మాయం. గడ విల్లులా వంగింది. మా ఆయన పళ్లు బిగపట్టి వెనక్కి వెనక్కి నడిచాడు. గట్టు మీద పడ్డ కొర్రమీను నా మోచెయ్యి కంటే పొడుగుంది.

జనం ఈలలు వేశారు. నేనూ వేశాను, అబద్ధమెందుకు. మా ఆయన మొహంలో ఆ వెలుగు చూసి మూడేళ్లయింది.

వెంకటప్పయ్య గారు కప్పను చేపనోట్లోంచి తీసి తిప్పి తిప్పి చూశాడు. “ఇదేం రంగయ్యా బాబూ? నలుపూ కాదు, ఎరుపూ కాదు, వంచితే పచ్చ కూడా మెరుస్తోంది. ఇది నీ చేత్తో చేసిందేనా? కాలనీ ఇంజనీరు దగ్గర తెప్పించలేదు కదా?”

మా ఆయనకు రోషం వచ్చింది. చేప జిగురంటిన చెయ్యి తెచ్చి నా నడినెత్తిన పెట్టాడు. “మా యశోద తలమీద ఒట్టు. ఈ రంగు కలిపింది నేనే, ఈ కప్పను పోసింది నేనే. ఇంకో చెయ్యి పడితే ఒట్టు.”

వెంకటప్పయ్య గారు ఒప్పుకుని, కప్పను ఇంకా చూస్తానని జేబులో వేసుకున్నాడు. రూప్లి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. తలమీద పెట్టిన ఒట్టు అబద్ధమైతే పోయేది ఒట్టు పెట్టినవాడు కాదు, తల ఉన్నవాళ్లు. ఆయన నిజమనుకునే పెట్టాడు. అబద్ధమని తెలిసింది నాకు. పోయే తలా నాదే.

చెబితే ఆయన గెలుపు పోతుంది. చెప్పకపోతే నేను పోతాను. రెండు రోజులు ఆలోచించాను. వెంకటప్పయ్య గారి బోర్డుకని రేకు కొలిచి, తోమి, పసుపు పూత పూసి, ఆయన కూనిరాగాలు తీస్తుంటే నా నోరు ఎలా లేస్తుంది? ఒట్టు పెట్టినవాడితోనే దాన్ని తీయించమని రూప్లి సలహా ఇచ్చింది. సాయంత్రం అన్నం పెడుతూ అడిగాను.

“ఏమయ్యా, మొన్నటి ఒట్టు తీసి గట్టు మీద పెట్టు.”

“ఎందుకే? అబద్ధం ఒట్టైతే తియ్యాలె. నిజం ఒట్టు తీస్తె నవ్వుతరు.”

“ఊకెనే. తలకాయ బరువుగున్నది.”

“నూనె పెట్టుకో” అన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం నాకు చలి పుట్టింది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకున్నాయి. మా అడవి పక్క ఊళ్లలో వానలు మొదలయ్యేప్పుడు చలిజ్వరం రాని ఇల్లుండదు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ తల మీద ఒట్టున్న మనిషికి అది గుర్తుకు రాదు. ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లారు. రక్తం తీసి మలేరియా అన్నారు, సెలైన్ పెట్టారు. మా ఆయన మంచం పక్కన కూర్చుని నా అరికాళ్లు రుద్దుతున్నాడు. చేతుల నిండా పసుపు రంగు.

“నేను పోతున్ననయ్యా” అన్నాను.

“మలేరియాకు ఎవలు పోతరే? గోలీలు ఇచ్చిండ్రు గద.”

“మలేరియా కాదు, నీ ఒట్టు” అని మొదలుపెట్టి ఉన్నదంతా చెప్పేశాను. బియ్యంలో కప్ప, డేక్సా, పాకం, అచ్చు. ఏడుస్తూనే చెప్పాను, మధ్యలో ఆ పాకం గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. రుద్దడం ఆపి నా కాళ్ల మీద దుప్పటి కప్పాడు. లేచి బయటికి వెళ్లాడు. చాయ్ తేవడానికనుకున్నాను.

రెండు గంటలైనా మనిషి రాలేదు. వచ్చింది రూప్లి. “అక్కా, అన్న సీదా వెంకటప్పయ్య దుకాణానికి పోయిండు. అందరి ముంగట చెప్పిండు. కప్ప నేను పొయ్యలే, ఒట్టు తప్పింది, నేను ఓడిపోయిన అన్నడు. పసుపు పూసిన రేకు అక్కడ్నే ఇడిశిపెట్టి, నిచ్చెన ఇంట్ల ఏసి, కొత్తగూడెం బస్సెక్కిండు.”

“కొత్తగూడెం ఎందుకే?”

“ఇంకెందుకు, ఫ్లెక్సీకి.”

రెండో రోజు నన్ను ఇంటికి తెచ్చారు. ఆటో దిగగానే చూశాను. మా గుమ్మం మీద ఫ్లెక్సీ. ‘జంపయ్య ఆర్ట్స్’ అని మెలికలు తిరిగిన అక్షరాలు, పక్కన తలుపంత మా ఆయన మొహం, ఆ మొహం వెనక ఎక్కడిదో జలపాతం, చుట్టూ గులాబీలు. మేకులు ఆయనే కొట్టాడు. కింద అరుగు మీద తల వంచుకుని నా కోసం జావ చల్లార్చుతున్నాడు.

“ఎందుకయ్యా ఇట్ల చేసినవు? నువ్వు చెప్పకపోతే వెంకటప్పయ్యకు తెలుస్తుండెనా?”

“ఆయనకు తెల్వదు. ఒట్టుకు తెలుస్తది” అన్నాడు. “నీ తల ఉండాల్నా, వద్దా?”

పదహారేళ్ల కాపురంలో ఆయన నాకు తియ్యటి మాట చెప్పిన గుర్తు లేదు. ఆ పూట జావ ఉప్పగా ఉంది. నా కన్నీళ్లే అనుకున్నాను గానీ, నిజంగానే రెండుసార్లు ఉప్పేశాడు.

నాలుగు రోజులు ఓపిక పట్టాను. ఒళ్లు కాస్త నిలబడగానే శాలువా కప్పుకుని వెంకటప్పయ్య గారి దుకాణానికి పోయాను. నా వెంట రూప్లి.

“రామ్మా యశోదమ్మా, జ్వరం తగ్గిందా?” అన్నాడాయన.

“తగ్గింది. కప్ప పోసింది నేను. చేప పడ్డది. అంటే పందెం గెలిచింది నేను. నా బోర్డు సంగతేంది?”

ఆయన పకపకా నవ్వాడు. “నీతో నేనెప్పుడు పందెం కాశానమ్మా?”

“కాయలే. మరి నా కప్ప నాకియ్యి.”

నవ్వు ఆగింది. “అదీ… ఎక్కడో పెట్టాను. వెతకాలి.”

“దేవులాడకు బాబూ” అంది రూప్లి తాపీగా. “ఆదివారం పొద్దుగాల రేలమడుగుల నీ గాలానికే ఉండె. రెండు కొర్రమీన్లు పట్టి సంచిల దాచుకుంటివి గద. నేను ఆకులు ఏరుకుంట చూసిన.”

దుకాణంలో పత్తి గింజల కోసం వచ్చిన రైతులు అయిదారుగురున్నారు. అందరూ ఆయన వైపు తిరిగారు. బతికున్న కప్పే మేలని ఇరవై ఏళ్లుగా గొప్పలు చెప్పిన మనిషి చెవులు ఎర్రబడ్డాయి. “సరేనమ్మా. గెలిచింది నువ్వే. కానీ నీకు బోర్డు రాయడం వచ్చా?” అన్నాడు.

“రాదు. ఆ పనికి ఒక మనిషిని పెట్టుకుంట. మా ఇంట్ల ఖాళీగనే ఉన్నడు” అన్నాను.

మర్నాడు ఎరువుల దుకాణం ముందు నిచ్చెన లేచింది. మా ఆయన పైన, నేను కింద రంగు డబ్బాలు అందిస్తూ. పసుపు మీద మొదటి అక్షరం దిగేసరికి బజారు సగం అక్కడే ఉంది. అప్పుడే బస్సు దిగిన ఒకాయన మా ఆయనను అడిగాడు. “పందెం అన్నరు గద, ఆఖరికి ఎవలు గెలిచిండ్రు?”

నేను తలెత్తి నిచ్చెన పైకి చూశాను. ఈ మనిషి ఓటమి పేరెత్తితే రోజంతా అన్నం మానే రకం. ఆయన బ్రష్షు ఆపి, నిచ్చెన మీద నుంచే, సెంటరంతా వినబడేలా చెప్పాడు.

“మా ఇంటామె గెలిచింది. నేను ఓడిపోయిన. నమ్మకపోతే మా ఇంటికి పోయి చూడుర్రి, బోర్డు గుడ కట్టిన.”

నేను ఎర్ర రంగు డబ్బాలోకి వంగి, అక్కర లేకపోయినా చాలాసేపు కలుపుతూ ఉండిపోయాను.